ఉక్కుపిడికిలి వచ్చిన రోజు

"వచ్చేస్తున్నాడు! ఉక్కుపిడికిలి వచ్చేస్తున్నాడు!"

పిల్లల కేకలకి బొమ్మల దుకాణం అద్దాలు అదిరిపోతున్నాయి.

రోజూ సాయంత్రం టీవీ కార్టూన్‌లో రాక్షసుల్ని చితక్కొట్టే బుడత వీరుడు ఇవాళ స్వయంగా వచ్చి, దుకాణంలో కట్టిన వేదిక మీద పిల్లలతో మాట్లాడతాడట!

చిన్నోడికి కాలు ఒకచోట నిలవడం లేదు. కుడిచేతికి ప్లాస్టిక్ పిడికిలి తొడుక్కుని తండ్రి చుట్టూ బొంగరంలా తిరుగుతున్నాడు.

తండ్రి బస్సు డ్రైవరు. పైవాళ్ళని బతిమాలి సెలవు పెట్టి మరీ వచ్చాడు. నిజం చెప్పాలంటే కొడుకు కంటే ఆయనకే సంబరం ఎక్కువగా ఉంది.

"నాన్నా, ఆ ఉయ్యాల బొమ్మ చూడు! పాప కళ్ళు మూసుకుని నిద్రపోతోంది!"

"అటు కాదురా, అది ఆడపిల్లల వరస. ఇటు చూడు, కత్తులు! ఏదీ, ఉక్కుపిడికిలిలా ఒక్కసారి గర్జించు!"

చిన్నోడు గర్జించబోయాడు. అంతలో వెనకనుంచి ఇంకో పిడికిలివీరుడు "హూఁ!" అంటూ వచ్చి ఒక్క గుద్దు గుద్దాడు.

చిన్నోడు వేదిక మెట్టు మీంచి జారి, ఎడమచెయ్యి నేలకి ఊని పడ్డాడు.

ముఖం పాలిపోయింది. కింది పెదవి వణికింది.

"లే, లే! ఉక్కుపిడికిలి పడితే ఏడుస్తాడా?" అన్నాడు తండ్రి.

"ఏ... ఏడవడు."

"మరి మగాడంటే ఎలా ఉండాలి?"

"ఉక్కులా."

"అద్గదీ! నా కొడుకంటే వాడూ!"

చిన్నోడు లేచాడు. ఎడమచేతిని పొట్టకి ఆనించుకుని నిలబడ్డాడు. ఇక బొంగరం తిరగలేదు.

పక్కనే కుర్చీలో ఒక పెద్దావిడ వేణ్ణీళ్ళు గుక్కగుక్కగా తాగుతోంది. వాణ్ణి చూసి గ్లాసు కింద పెట్టి లేచింది.

"బాబూ, పిల్లాడి చెయ్యి చూశారా? వేళ్ళు కదపడం లేదు."

"ఏం కాదమ్మా. మగపిల్లాడు, ఓర్చుకుంటాడు."

"ఓర్చుకుంటున్నాడు కాబట్టే చూడమంటున్నాను."

"నొప్పుంటే వాడే చెప్పడా? ఏరా, నొప్పిగా ఉందా?"

చిన్నోడు పళ్ళు బిగబట్టి, లేదన్నట్టు తల ఊపాడు.

"చూశారుగా!" అన్నాడు తండ్రి మీసం మీద చెయ్యి వేసి.

ఆవిడ ఆయనతో వాదించలేదు. చిన్నోడి ముందు మోకాళ్ళ మీద కూర్చుని, చెవిలో ఏదో చెప్పింది.

వాడి కళ్ళు ఇంతింతయ్యాయి. నోరు తెరుచుకుని ఆవిడ ముఖంలోకి చూశాడు. మరుక్షణం కట్ట తెగినట్టు భోరుమన్నాడు.

"నాన్నా! చెయ్యి నొప్పి! చాలా నొప్పి నాన్నా!"

వరసలో ఉన్న పిల్లలంతా తిరిగి చూశారు. తండ్రికి తల కొట్టేసినట్టయింది.

"ఏం చెప్పారండీ వాడికి? రాయిలా ఉన్నవాణ్ణి ఏడిపించేశారు! నలుగురిలో నవ్వులపాలు చేశారు!"

"తిట్లు దారిలో తిడుదురుగాని, ముందు పదండి ఆసుపత్రికి."

ఆవిడ అప్పటికే మెడకి చుట్టుకున్న ఉన్ని గుడ్డ విప్పి, చేతిని కదలకుండా కట్టేసింది. వీధిలోకి వెళ్ళి టాక్సీ ఆపేసింది. తానూ ఎక్కి కూర్చుంది.

తండ్రి దారి పొడవునా లేని బ్రేకు తొక్కుతూ సణుగుతూనే ఉన్నాడు.

"ఎన్నాళ్ళ నుంచో కలవరించాడు. మీ మూలాన వాడికి ఉక్కుపిడికిలిని చూసే రాత లేకుండా పోయింది."

ఆవిడ గుంత వచ్చినప్పుడల్లా చిన్నోడి మోచేతి కింద అరచెయ్యి పట్టింది. వాడు వెక్కుతూనే ఆవిడకేసి చూసి నవ్వుతున్నాడు. వీడికేమైందిరా దేవుడా అనుకున్నాడు తండ్రి.

ఎక్స్‌రే చూసిన డాక్టరమ్మ గబగబా లేచింది.

"మోచేతి దగ్గర ఎముక విరిగి రక్తనాళాన్ని నొక్కేస్తోంది. వెంటనే సరిచెయ్యాలి. వీడింకా నోరు మూసుకుని ఉంటే చెయ్యి పనికిరాకుండా పోయేదండీ! ఒరేయ్ బంగారం, నొప్పని చెప్పి ఎంత మంచిపని చేశావురా!"

తండ్రి గోడ పట్టుకుని, ఆవిడ కోసం వెనక్కి తిరిగాడు.

కుర్చీ ఖాళీగా ఉంది.

"ఆవిడేరీ?"

"వెళ్ళిపోయారండీ," అంది నర్సు. "అక్కడ పిల్లలంతా కాచుకుని ఉన్నారట, ఆలస్యమైపోయిందని పరుగెత్తారు. వీడికి చెప్పి వెళ్ళండి అంటే, చెబితే వదలడమ్మా అన్నారు."

తండ్రి వీధిలోకి ఉరికాడు. టాక్సీ మలుపు తిరిగిపోతోంది. జోడించిన చేతులు అలాగే ఉండిపోయాయి. ఎవరో, ఏమిటో, పేరైనా అడగలేదు. అడిగిందల్లా ఎందుకు ఏడిపించారని!

తిరిగి వచ్చేసరికి, నొప్పికి సూదిమందు పడిన చిన్నోడు మంచం మీద సంబరంతో ఊగిపోతున్నాడు. పట్టుకోలేక నర్సు నవ్వుతోంది.

"నాన్నా, ఉక్కుపిడికిలి వెళ్ళిపోయిందా?"

"వెళ్ళిపోయాడా అనాలిరా," అన్నాడు తండ్రి నీరసంగా. "అయినా మనం చూడనే లేదుగా."

"నేను చూశా! మనతో టాక్సీలో వచ్చింది కదా నాన్నా! దుకాణంలో నా చెవిలో టీవీలో గొంతుతోనే చెప్పింది, 'నాక్కూడా నొప్పేస్తుందిరా, నేనూ ఏడుస్తాను, టీవీలో అది చూపించరంతే' అని!"