ఒక్క అక్షరం తేడా

"ఏటే సూసన్నా, ఇంకా అవనేదా?"

సూసన్న పనిచేసే కంప్యూటర్ గదిలో తిమోతి మళ్ళీ లేచాడు. నిమ్‌పురా రైల్వే షెడ్డులో రోజంతా ఇంజన్లతో కుస్తీ పట్టేవాడికి కుర్చీలో కుదురుగా కూర్చోవడం మాత్రం చేతకావడం లేదు.

"కూకో బావా, మెషీను పోలుస్తోంది." సూసన్న తెర మీంచి చూపు తిప్పలేదు. వేళ్ళు బల్ల అంచును వదలడం లేదు.

ఆమెకు మేనబావ అతను. ఆదివారం చర్చిలో పాస్టరుగారు వాళ్ళ పెళ్ళి ప్రకటన చదవాలి. కానీ సూసన్న తమ్ముడు ఒంటికి రక్తం పట్టని జబ్బుతో చిన్నప్పుడే పోయాడు. ఆ జబ్బు తెచ్చే లోపం ఆమె జన్యువులోనూ ఉందని కలకత్తా ల్యాబు తేల్చింది. ఒక్కరిలో ఉంటే ఫరవాలేదు. తిమోతిలోనూ ఉంటే పుట్టే పిల్లలకు గండమే. అందుకే ల్యాబు పంపిన ఇద్దరి జన్యు అక్షరాల వరుసలూ పోల్చి చూడాలి.

"ఇంత సేపేటే?"

"రెండు ఫైళ్ళు ఏసినాను. ప్రతి అక్షరాన్నీ ప్రతి అక్షరంతో పోలిస్తే ఈ మెషీన్‌కి రోజంతా పడద్ది. దగ్గరోళ్ళ వరసల్లో పెద్ద తేడా ఉండదు గదా, అందుకని ఎదురుబొదురు అక్షరాలూ, వాటి చుట్టుపక్కలవీ సూస్తే సాలని రాసినాను. బేగి అయిపోద్ది."

"మన పెద్దోళ్ళు సెప్పిందీ అదే! మేనరికమంటే ఒకే రక్తమని." తిమోతి నవ్వాడు. "మనువయ్యాక ఈ డబ్బాతో నీకు పనేటి? నా క్వార్టర్లో రాణీనాగుందువు."

సూసన్న కీబోర్డును తన వైపు లాక్కుంది.

"బయ్యంగా ఉంది బావా," అంది.

తెర మీద ఫలితం పడింది.

"ఏటొచ్చింది?"

"ఒక్క అక్షరం తేడా నేదు. లోపమున్న సోటు కూడా..."

"అంటే నాకూ ఉందా?"

ఆమె తలూపింది. తిమోతి ముఖంలో నెత్తుటి చుక్క లేదు.

"ఒక్కటీ తేడా నేదా?" అని తనలో తానే గొణుక్కున్నాడు. "అవున్లే. ఒకే ఇంటి రక్తం. తేడా ఎక్కణ్ణించొస్తాది?"

"తమ్ముణ్ణి సూసినావు గదా బావా. ఇంకో పసిగుడ్డుని అలా సూడనేను."

"ఏడవకే. పాస్టరుగారికి నేను సెప్తాను. నిన్నెవలూ మాటనకుండా సూసుకుంటాను."

కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళి సైకిలెక్కాడు. ప్రేమ్ బజార్ రోడ్డు మీద అతను కనుమరుగయ్యేదాకా సూసన్న కిటికీ దగ్గరే నిలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. అంత మంచివాడు ఇంకెవరూ దొరకరని ఆమెకు తెలుసు.

ల్యాబు పంపిన తిమోతి ఫైలును ఆమె తెరవనే లేదు. ఆమె పోల్చిన రెండు వరుసలూ ఆమెవే.