బక్కమ్మ మరిచిపోయిన మనిషి

"నా పొట్ట మీద రాయకూడదూ? కావలసినంత చోటుంది!" అన్నాడు దోన్ ఫిదెన్సియో, ఇకేర్ బల్ల మీదికి ఆ పొట్టతో సహా వంగి.

ఇకేర్ చెవిలోంచి ఇయర్‌ఫోన్ తీశాడు. వాడికి ఇరవై నాలుగేళ్లు, సాన్ హసింతో నీటి సరఫరా ఆఫీసులో చేరి ఏడు నెలలు. "ఏం రాయాలి, దోన్ ఫిదెన్సియో గారూ?"

"పుర్రెపద్యం! ఎల్లుండే కదా చదవడం. బక్కమ్మ వచ్చి నన్నెలా మోసుకుపోయిందో నాలుగు పాదాలు రాయి. పాస్‌వర్డు గోడకంటించుకుంటానని రాయి. కంప్యూటరు తెరిచే ముందు శిలువ గుర్తు వేసుకుంటానని రాయి. తిట్టరా బాబూ, తనివితీరా తిట్టు!"

"అయ్యో, అవేం మాటలండీ! మీరు నిండు నూరేళ్లు..."

"నిండు నూరేళ్లా? ఈ ఊళ్లో నిండు బిందెకే గతి లేదు!"

ఇకేర్ నవ్వలేదు. పెద్దాయన ముందు నవ్వితే బావుండదని పెదవి కరుచుకుని, ఇయర్‌ఫోన్ మళ్లీ పెట్టేసుకున్నాడు.

చచ్చినవాళ్ల పండగకు బతికున్నవాళ్ల మీద పుర్రెపద్యాలు, అదే సరదా చావుపద్యాలు, రాసుకోని ఆఫీసు మెక్సికోలో ఉండదు. ఎముకల బక్కమ్మ, అంటే సాక్షాత్తూ మృత్యువు, వచ్చి మేనేజర్ని కుర్చీతో సహా ఎత్తుకుపోతుంది, క్యాషియర్ని కునుకులో పట్టుకుంటుంది. పద్యంలో చంపారంటే మనవాడని అనుకున్నట్టు. వదిలేశారంటే ఎప్పుడో పోయాడని అనుకున్నట్టు.

దోన్ ఫిదెన్సియో ముప్పై రెండేళ్లుగా ఆఫీసంతటినీ చంపుతూనే ఉన్నాడు. అతనికి తెలిసిన మీటర్లు రెండే: ఒకటి నీళ్లది, రెండోది పద్యానిది. రెండూ అవసరానికి మించి తిరుగుతున్నాయని ఫిర్యాదులు. ఒకప్పుడు తోటివాళ్లు కూడా "ఒరే ఫిదే" అంటూ అతణ్ణి ఏటా ముచ్చటగా చంపేవాళ్లు. వాళ్లంతా ఒక్కొక్కరే రిటైరైపోయారు. నాలుగేళ్లుగా అతణ్ణి చంపే నాథుడు లేడు. వచ్చే జూన్‌లో తనూ రిటైరవుతున్నాడు. అంటే, చావడానికి ఇదే ఆఖరి అవకాశం.

ఆఫీసులో కలంతో రాసేవాడు కూడా ఇక అతనొక్కడే. పెద్ద ఆఫీసరునైతే దర్జాగా సంతకాలు పెట్టాలని పడుచుతనంలో ఆకుపచ్చ సిరా సీసాలు ఒక పెట్టెడు కొనుక్కున్నాడు. పదవి రాలేదు, సిరా అయిపోలేదు. కుర్రకారుకు పద్యమైనా, ప్రేమలేఖైనా ప్రింటరులోంచి ఊడిపడాల్సిందే.

మధ్యాహ్నం దోన్ ఫిదెన్సియో కాఫీకని వెళ్తుంటే కాఫీ గదిలోంచి యారెత్సి గొంతు వినిపించింది. ఇరవై ఆరేళ్లకే సెక్షన్‌కు పెద్దయిన పిల్ల.

"చూడండి, దోన్ ఫిదెన్సియో గారి మీద ఎవరూ రాయొద్దు. మార్చిలోనే గుండె ఆపరేషనైంది. ఆయన మీద చావు జోకులా? కాస్త మర్యాద ఉండాలి."

అతను ఖాళీ కప్పుతో గుమ్మం బయటే నిలబడిపోయాడు. 'ఓరి దేవుడా! గౌరవించి గౌరవించి నన్ను బతికించేసేలా ఉన్నారే!'

సాయంత్రం యారెత్సి అతని బల్ల దగ్గరికి వచ్చింది. "మీ పద్యాలు ఇంకా డబ్బాలో పడలేదేంటండీ? ఈసారి పేర్లు రాయక్కర్లేదు, అన్నీ నేనే చదువుతాను."

"ఈ ఏడు రాయను అమ్మాయ్. సిరా ఎండిపోయింది."

"కోపమా?"

"కోపమెందుకు? గుండె ఆపరేషన్‌లో పొరపాటున ప్రాస కూడా తీసేశారు."

ఆమె నవ్వబోయి, గుండె మాట గుర్తొచ్చి ఆగిపోయింది.

పండగ రోజు ఆఫీసులో బంతిపూల పీఠం, పుర్రె బొమ్మలు, వేడి చాక్లెట్, ఎముకల ముద్ర వేసిన తీపిరొట్టెలు. యారెత్సి డబ్బాలోంచి ఒక్కో కాగితం తీసి చదివి బల్ల మీద పడేస్తోంది. ఒక పద్యంలో బక్కమ్మ ఎన్ని కేకలేసినా ఇయర్‌ఫోన్ల వల్ల వినపడక ఇకేర్ తన చావు తనే మిస్సయ్యాడు. అందరూ పడీపడీ నవ్వారు. దోన్ ఫిదెన్సియో కూడా నవ్వాడు, పెళ్లిలో వేరేవాళ్ల విస్తరి చూసి నవ్వినట్టు.

ఆఖరి కాగితం విప్పి యారెత్సి ఆగింది. ఒకసారి కాగితాన్ని, ఒకసారి దోన్ ఫిదెన్సియోని చూసింది. గొంతు సవరించుకుంది.

"పైపుల ఆఫీసులో పడి ఉన్న పాత పంపు,
పాస్‌వర్డు గోడ మీద, జోకులేమో కంపు కంపు!
బక్కమ్మ భుజానేసుకుంటే పొట్ట బరువుకి నడుం విరిగింది,
దారంతా ప్రాసలు విని, చెవుల్లేనిదే చెవులు మూసుకుంది!"

అందరూ ఊపిరి బిగబట్టి అతని గుండె వైపు చూశారు.

ముందు పొట్ట కదిలింది. తర్వాత కుర్చీ. ఆ తర్వాత గది మొత్తం.

"గుండె జాగ్రత్త!" అరిచాడు ఇకేర్, కళ్లు తుడుచుకుంటూ.

"లోపల స్ప్రింగు పెట్టార్రా! ఎంత నవ్వితే అంత ఎగురుతుంది!"

"ఇంతకీ రాసిందెవరు?" ఎవరో అడిగారు. చూపులన్నీ ఇకేర్ మీదికి వెళ్లాయి.

"నేను కాదు బాబోయ్! ప్రాసంటే నాకు ప్రయాస!"

నేనంటూ ఇంకెవరూ ముందుకు రాలేదు. దోన్ ఫిదెన్సియో చెవులు ఎర్రబడ్డాయి. చాక్లెట్ కప్పులో ఏదో పోగొట్టుకున్నట్టు లోపలికి చూస్తున్నాడు.

యారెత్సి కాగితం మడిచి జేబులో పెట్టుకుంది.

"నేనే. వద్దన్నదీ నేనే, ఆగలేక రాసిందీ నేనే. ఏమనుకోకండి, దోన్ ఫిదెన్సియో గారూ."

ఈలలు, చప్పట్లు. దోన్ ఫిదెన్సియో తలెత్తి ఆమె వైపు చూశాడు.

"నీ చేతిలో చావడం కంటే ఏం కావాలి అమ్మాయ్," అన్నాడు. "మూడో పాదంలో మాత్రం మీటరు తప్పింది."

"అయితే మీరే నేర్పాలి."

"వచ్చే ఏడు మిమ్మల్ని చంపేది నేను! ముందే చెప్తున్నా, దోన్ ఫిదే!" అన్నాడు ఇకేర్.

"అప్పటికి రిటైరైపోతాగా!"

"అయితే ఏం? ఇంటికొచ్చి చంపుతాం!"

యారెత్సి వంగి అతని చేతిలో రొట్టె ముక్క పెట్టింది. ఆమె జేబులోంచి ఆ కాగితం కొస బయటికి తొంగిచూసింది.

సిరా ఆకుపచ్చ.