గాలిని కోసే చక్రాలు

కట్టుకున్నవాడికి ఏ వ్యసనమూ లేదని మురిసిపోకూడదు. ఎప్పుడో ఒకప్పుడు సైకిల్ కొంటాడు.

ఈయన కొని ఊరుకోలేదు. మూలపడ్డ వాషింగ్ మెషీన్ బదులు కొత్తది తెద్దామని ఆమె దాచిన డబ్బుతో దానికి ఖరీదైన చక్రాలు వేయించాడు.

"ఇవి గాలిని కోసుకుంటూ పోతాయే! వారంలో నా స్పీడు పెరక్కపోతే షాపులో వెనక్కిచ్చేసి, నీ మెషీన్ తెస్తా. సరేనా?"

ఆ వారమూ ఆమె చేత్తోనే ఉతికింది. రోజూ పొద్దున్నే కొండెక్కానంటాడు. దిగిన చోట చెమట మడుగు. ఎవరూ జారి పడకుండా ఆమే తుడవాలి. బనీను పిండితే చారెడు. ఇక మేజోళ్ళా, చచ్చిన ఎలుకకి దగ్గర చుట్టాలు. ఒకరోజు కూరగాయల బుట్టలో, టమాటాల మీద సేదతీరుతూ కనిపించాయి. ఆ పూట ఆమెకి ముద్ద దిగలేదు.

చక్రాల జోలికి మాత్రం రానివ్వడు.

"నీ చీపురు తగిలితే బ్యాలెన్స్ పోతుంది!"

"అయ్యో, నాకెందుకు? తాకనుగా," అంది ఆమె. నిజంగానే తాకలేదు.

ఆదివారం తీర్పు చెప్పడానికి ఆమె తమ్ముడొచ్చాడు. సైకిల్ పందేల్లో నలిగినవాడు. గుమ్మంలోనే ముక్కు మూసుకున్నాడు.

"ఏంటక్కా ఈ కంపు?"

"మీ బావ స్పీడురా."

"నవ్వండి, నవ్వండి," అంటూ ఆయన బావమరిదిని సైకిల్ దగ్గరికి లాక్కెళ్ళాడు. "నిన్న ఎన్నడూ లేనంత తొందరగా కొండెక్కేశాను. అంతా వీటి మహిమే! అందులోనూ ముందు చక్రం చూడు. గాలిని మొదట కోసేది అదే."

తమ్ముడు ఒంగి చూశాడు. చక్రం పుల్లల నుంచి నేల దాకా నిండైన సాలెగూడు. ఒక్క పోగు తెగలేదు. మధ్యలో సాలీడు హాయిగా కునుకు తీస్తోంది.

"బావా, నిన్నటి కొండ సంగతి దీనికి చెప్పలేదా?"

ఆయన సాలీడుని చూశాడు. పెళ్ళాన్ని చూశాడు. ఆమె ఆవేళ్టి బనీనుని రెండు వేళ్ళతో, దూరంగా, ఎలుకని పట్టుకున్నట్టు పట్టుకుని నిలబడింది.

"తప్పు నాదేనే," అన్నాడు చివరికి, "పడగ్గదిలో వెనక చక్రాన్ని స్టాండుకి బిగించి, టీవీలో కొండని చూస్తూ తొక్కే సైకిల్‌కి ముందు చక్రం అసలు తిరగనే తిరగదని నాకు తట్టలేదు."