ఎదురింటి దీపం

ఇళ్ల మధ్య నేల సాగడం మొదలైన దగ్గర్నుంచి ఊళ్లో ప్రతి ఇంటికీ ఒకే రకం దీపం ఇచ్చారు. అన్నిటిదీ ఒకే వెలుగు. పొద్దు వాలగానే దాన్ని అరుగు మీద పెట్టాలి. ఎదుటి దీపం ఎంత మసకగా కనిపిస్తే ఆ ఇల్లు అంత దూరం జరిగిపోయిందని లెక్క.

ఆ సాయంత్రం నూకరత్నం తన దీపం అద్దాన్ని తడిగుడ్డతో శుభ్రంగా తుడిచి, వెలిగించి, ఎదురింటి వైపు చూసింది. వదిన పైడమ్మ దీపం నిన్నటి వెలుగులో పావు వంతు కూడా లేదు. పైగా, ఇంకా దూరం జరిగిపోతున్న ఇంటి దీపంలా ఎర్రబారింది. రత్నం మూడేళ్ల కూతురు చిట్టి మధ్యాహ్నం ఆడుకోడానికి వెళ్లి ఆ ఇంట్లోనే ఉంది.

దుమ్మే అయ్యుంటుందని తనకు తాను సర్దిచెప్పుకుంది. కిందటి నెలా ఇలాగే హడలిపోయి కేకేస్తే, పైడమ్మ కొంగుతో అద్దం తుడిచింది. దీపం తళుక్కుమంది. ఇద్దరూ పడీ పడీ నవ్వుకున్నారు.

“ఒదినా! నీ దీపం మసకేసింది. అద్దం ఓపాలి తుడు!”

ఎప్పుడూ కేక ముగిసేలోపే బదులొచ్చేది. రత్నం అరుగు అంచున నిలబడింది. లోపల అన్నం పొంగి పొయ్యిలో పడ్డ చప్పుడైంది. కదల్లేదు. ఆ తర్వాతెప్పటికో, ఏటి అవతలి ఒడ్డు నుంచి వచ్చినట్టు సన్నగా వదిన గొంతు వినబడింది.

“ఇప్పుడే తుడిసినానే రత్నం! పిల్ల నీకోసం ఒకటే ఏడుపు. నీ దీపమే కానరాకుండా పోతంది, నువ్వు తుడు!”

ఏడుపేమీ రత్నానికి వినబడలేదు. చేతిలో గుడ్డ ఇంకా తడిగానే ఉంది.