కూత ఆగింది

ఇరవై ఒకటికి ఇరవై ఒకటి. ములుగుతో 1979 కబడ్డీ ఫైనల్ ముగియడానికి మిగిలింది ఒక్క నిమిషం. మట్టెవాడ జట్టు తరఫున కూతకు వెళ్లాల్సింది ఎల్లస్వామి.

"కాకా, గిదొక్కటి కొట్టు. తప్పిందో, వచ్చే ఏడు నువ్వు బయట కూసోవాలె," అన్నాడు కెప్టెన్ యాదగిరి. వాడికి ఇరవై మూడు. ఎల్లస్వామికి నలభై ఆరు.

ఒకప్పుడు అతని కూత బజారు అవతలికి వినబడేది. మిర్చి బస్తాలు మోసీ మోసీ ఇప్పుడు నాలుగడుగులకే గొంతు జీరబోతోంది, ఊపిరి అందడం లేదు. కబడ్డీ లేకపోతే అతనికి బస్తాలు తప్ప ఇంకేం లేవు.

పైగా అంపైర్ మొండయ్య. ముప్పై ఏళ్లుగా ఆయన చెవి అంటే ఆటగాళ్లకు హడల్. కూత కాస్త తెగితే చాలు, అవుటే. ఆ తర్వాత ఎవరెంత మొత్తుకున్నా వినిపించుకోడు.

"కబడ్డీ కబడ్డీ కబడ్డీ..."

ఎల్లస్వామి గీత దాటాడు. మొండయ్య పక్కనే వంగి నడుస్తూ అతని ముఖం మీంచి చూపు తిప్పడం లేదు.

కాలు చాచి మూలనున్న కుర్రాడిని తాకాడు. ఇద్దరు వచ్చి నడుం పట్టేశారు. గుంజుకున్నాడు. సరిగ్గా అప్పుడే గొంతు మూగబోయింది. గాలి తప్ప ఏమీ రావడం లేదు. అయినా పెదాలు ఆపలేదు. విజిల్ ఇప్పుడు పడుతుంది, ఇప్పుడు పడుతుంది అనుకుంటూనే పాక్కుంటూ వచ్చి గీత మీద చెయ్యి వేశాడు.

అప్పుడు పడింది విజిల్. పాయింట్లు మట్టెవాడకు!

ములుగు కెప్టెన్ వలీ ఉరుక్కుంటూ వచ్చి మొండయ్య ఎదుట నిలబడ్డాడు. "కూత ఆగింది సార్!"

"ఆగలే. నేను చూస్తనే ఉన్న."

మొండయ్యే అన్నాక ఇంకేముంది! వలీ తల దించుకుని వెళ్లిపోయాడు.

ఆట ముగియగానే అందరూ ఎల్లస్వామిని భుజాలకెత్తుకున్నారు. అతనికి మాత్రం ఒళ్లంతా కంపరమెత్తింది. ఆ చెవి పొరబడటమా? తన ముసలితనం చూసి జాలిపడ్డాడు, అంతే. ముప్పై ఏళ్ల పేరును తన కోసం మట్టిపాలు చేసుకున్నాడు.

జనం పలచబడ్డాక మొండయ్య దగ్గరికి వెళ్లాడు. సిగ్గుతో తువ్వాలు మూతికి అడ్డం పెట్టుకుని గొణిగాడు.

"మొండన్నా, నా కూత ఆగింది. నీకు ఎర్కనే. గా పాయింట్లు నాకొద్దు."

మొండయ్య అటూ ఇటూ చూశాడు. దగ్గరలో ఎవరూ లేరు.

"జర ఆ తువ్వాల తీసి మల్ల చెప్పు తమ్మీ, రెండేండ్ల సంది నేను మాటలు చూసుడే గని ఇనుడు లేదు."