ఆరున్నర అడుగులు

పొద్దున్న ఎనిమిదింటికి ఆరున్నర అడుగులు. తొమ్మిదింటికీ ఆరున్నరే. పదకొండు దాటినా అంకె మారలేదు.

ట్రాయ్ ఊళ్ళోని ఆఫీసులో జ్ఞానప్రసూన స్క్రీన్ మీంచి కళ్ళు తిప్పడం లేదు. నది అక్కడికి గంటన్నర దూరం. స్క్రీన్ మీద కనబడేది నదిలో నీళ్ళు ఎంత ఎత్తున ఉన్నాయో చూపించే అంకెల బోర్డు; దానికెదురుగా కెమెరా ఒకటి పెట్టారు. వెనకాల తెల్లటి మంచు తప్ప ఇంకేమీ కనబడదు. తొమ్మిది అడుగులు దాటితే నీళ్ళు ఒడ్డున ఊరికి నీళ్ళు తోడే పంప్‌హౌస్‌లోకి వచ్చేస్తాయి. ఆ పంప్‌హౌస్‌లో ఇప్పుడు రఘు ఒక్కడే ఉన్నాడు.

ఫోన్ మోగింది. రఘే.

"ప్రసూనగారూ, కింద వంతెన దగ్గర మంచు గడ్డలు అడ్డం పడిపోయాయి. నది కదలడం ఆగిపోయింది. గోడకి బయట ఏదో రాసుకుంటున్న చప్పుడు. నాకేం బాగా అనిపించట్లేదండీ."

"ఆరున్నర, రఘూ. మూడు గంటల్నించీ అంగుళం కూడా పెరగలేదు."

"ఒడ్డు మీది రెయిలింగ్ కనబడట్లేదు మరి?"

"రాత్రంతా స్నో పడింది కదా. కప్పేసుంటుంది."

ప్రసూనకి మాత్రం భయం లేదా? ఉంది. కానీ పోయినేడాది సంగతి ఎలా మర్చిపోతుంది? సరిగ్గా ఇలాంటి రోజునే మంచు గుద్దుకుని బోర్డు విరిగి కొట్టుకుపోయింది. నీళ్ళు ఎంత లేచాయో చెప్పే దిక్కు లేదు. అదిగో పులి అంటే ఇదిగో తోక అన్నారంతా. హడలిపోయి మోటార్లు ఆపించేసింది. తీరా చూస్తే నీళ్ళు ఏడడుగులైనా దాటలేదు. మళ్ళీ మోటార్లు తిరిగేసరికి రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ ఊళ్ళో కుళాయిలకి చుక్క నీళ్ళు లేవు, ఆస్పత్రితో సహా. ఆ తర్వాత మీటింగ్‌లో తిన్న చీవాట్లు ఆమెకి ఇప్పటికీ అరగలేదు.

ఆ మర్నాడే ఆఫీసు కంప్యూటర్‌లో త్రివేణికి పని పురమాయిస్తూ ఒక టికెట్ ఓపెన్ చేసింది. ఆఫీసులో కెమెరాలూ బోర్డులూ చూసుకునేది త్రివేణే. టికెట్‌లో రాసింది ఒక్కటే ముక్క: వచ్చే చలికాలం బోర్డు మంచుకి విరగకూడదు. త్రివేణి ఏ పనైనా చెప్పింది చెప్పినట్టు చేస్తుంది. అక్టోబర్‌లో కొత్త బోర్డు పెట్టించి టికెట్ క్లోజ్ చేసింది.

"ఇంకోటండీ," అన్నాడు రఘు. "నది నీళ్ళు లోపలికొచ్చే జల్లెడకి మంచు పట్టేస్తోంది. బేస్‌మెంట్‌లోకి దిగి వేడినీళ్ళు కొట్టకపోతే గంటలో మోటార్లు ఆగిపోతాయి. దిగమంటారా, బయటికి వచ్చేయమంటారా? మీరేదంటే అది."

ఆ బేస్‌మెంట్ ముప్ఫై అడుగుల లోతు. పైకి రావడానికి ఒక్కటే మెట్లదారి. రఘుని ఈ ఉద్యోగంలోకి తీసుకున్నది ప్రసూనే. ఆమె మాట అతనికి వేదం.

ఆమె ఇంకోసారి స్క్రీన్ వంక చూసింది. ఆరున్నర.

"దిగు," అంది. "బోర్డు మీద కాస్త తేడా కనబడినా నేను కాల్ చేస్తాగా."

"కింద సిగ్నల్ రాదండీ. పని అయ్యాక నేనే పైకొచ్చి చేస్తాను. ఒక నలభై నిమిషాలు."

వెంటనే లైన్ కట్ అయింది.

పది నిమిషాలు గడిచాయి. ఆరున్నర. ఇరవై గడిచాయి. ఆరున్నర. ఎవరితోనైనా మాట్లాడితే గానీ కుర్చీలో కూర్చోలేకపోతోంది ప్రసూన. సెలవు పెట్టి బాతెల్‌లో చెల్లెలింటికి వెళ్ళిన త్రివేణికి కాల్ చేసింది.

"త్రివేణీ, నీకు దండం పెట్టాలి తల్లీ! నది నిండా మంచు గడ్డలే. నీ బోర్డుకి మాత్రం చిన్న గీతైనా పడలేదు."

ఆ మెప్పుకి త్రివేణి పొంగిపోయింది.

"ఎలా పడుతుందక్కా, ఈసారి బోర్డునీ కెమెరానీ రెండింటినీ పడవలు కట్టుకునే, నీళ్ళ మీద తేలే డాక్‌కే బిగించేశానుగా, నీళ్ళెంత పైకి లేస్తే అవీ అంత పైకి లేస్తాయి!"