మూలనున్న మచ్చ

"దీన్ని పారేయండి మావయ్యా. మీకో మంచి కెమెరా నేను తెచ్చిస్తాను," అన్నాడు అల్లుడు.

మామగారు వినిపించుకోలేదు. సబ్బుపెట్టెంత ఉన్న ఆ బుల్లి కెమెరాను చొక్కా కొసతో తుడిచి మళ్లీ మీట నొక్కారు. అది ఉలకలేదు, పలకలేదు. నిన్నటి నుంచీ అంతే. అది మొరాయించినప్పటి నుంచీ ఆయనకు అన్నం కూడా సరిగ్గా సహించడం లేదు.

అల్లుడు పెళ్లిళ్ల ఫోటోగ్రాఫరు. మెడలో పెద్ద డీఎస్ఎల్ఆర్ కెమెరా వేలాడకపోతే అతనికి చొక్కా వేసుకోవడం మరిచిపోయినట్టుంటుంది. అలాంటివాడి ముందు ఆ డబ్బా పట్టుకుని కూర్చుంటే ఊరుకుంటాడా?

"అసలు ఏముంది మావయ్యా దీంట్లో?"

"నా జేబులో పడుతుంది. నీది పడుతుందా?"

"జేబులో పడితే సరిపోయిందా? మీ దాంట్లో కంటికో కిటికీ, లెన్సుకో కిటికీ. లెన్సుకు వేలు అడ్డమొచ్చినా కంటికి తెలీదు. అందుకే ఏ ఫోటో చూసినా మూలన ఆ ఎర్రమచ్చ. నా దాంట్లో లెన్సు ఏది చూస్తే కన్నూ అదే చూస్తుంది. వేలు కొంచెం అడ్డమొచ్చినా దొరికిపోతుంది."

"అంటే ఫోటో తీసినవాళ్ల జాడే మిగలదన్నమాట."

"దాని గొప్పే అది కదా."

మామగారు కెమెరాను అతని చేతిలో పెట్టి, "బాగుచేయించి పెట్టు బాబూ. లోపలి ఫోటోలు మాత్రం జాగ్రత్త," అన్నారు.

అల్లుడు వెంటనే ఒప్పుకున్నాడు. అందులో అతని స్వార్థమూ ఉంది. మొన్న అద్దం ముందు తల దువ్వుకుంటూ అతని భార్య ఉన్నట్టుండి ఆగిపోయింది. "అమ్మ ముఖం గుర్తు రావట్లేదు," అంది. "గొంతు గుర్తుంది. జడ వేస్తూ జుట్టు లాగే చెయ్యి గుర్తుంది. ముఖమే, ఎంత గింజుకున్నా రావట్లేదు." బడికెళ్లే వయసులో తల్లిని పోగొట్టుకున్న మనిషి. అత్తమామల పెళ్లినాటి ఆల్బమ్ ఇల్లు మారేటప్పుడు వానలో తడిసి ముద్దయిపోయిందట. ఇంట్లో అత్తగారి ఫోటో ఒక్కటీ లేదు. అల్లుడు ఆవిడను చూడనే లేదు. భార్య దువ్వెన పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఈ బుల్లి కెమెరాలో ఎక్కడో ఒకచోట ఆవిడ ఉండకపోదు, వెతికి తీసి భార్య చేతిలో పెట్టాలనుకున్నాడు.

కెమెరాను రిపేరుకిచ్చి, అందులోని మెమరీ కార్డును స్టూడియోలో కంప్యూటర్‌కు పెట్టాడు. పళ్లూడిన నవ్వుతో, పాపగా ఉన్నప్పటి భార్య. మూడుచక్రాల సైకిలు మీద పాప. గవదబిళ్లలొచ్చి, మెడకు మఫ్లరు చుట్టుకుని, లోకమంతటి మీదా అలిగిన పాప. అన్నిట్లోనూ పాపే, అన్నిట్లోనూ మూలన మచ్చే. కళ్లు కాయలు కాచేలా వెతికాడు. వెనక గుమ్మంలో, అద్దంలో, కిటికీ పక్కన, ఎక్కడా ఆవిడ లేదు. మామగారి మీద పీకలదాకా కోపమొచ్చింది. కూతురిని ఇన్ని తీసిన మనిషికి, పక్కనున్న భార్యను ఒక్కటంటే ఒక్కటి తీయాలనిపించలేదా?

కార్డు తీసేయబోతుంటే ఒక సంగతి గుర్తొచ్చింది. ఆ కెమెరా తెర మీద ఫోటోలు చూసుకునేటప్పుడల్లా భార్య ఆ మచ్చ మీద తన బొటనవేలు ఆనించి ఉంచుతుంది. పాపం, బంగారంలాంటి ఫోటోలు పాడయ్యాయన్న బాధతో కప్పేస్తుంది కాబోలు. తల్లిని ఎలాగూ తెచ్చివ్వలేకపోయాడు. కనీసం ఆ మచ్చయినా లేకుండా చేస్తే?

వారం రోజులు స్టూడియో పనంతా మానుకుని కూర్చున్నాడు. మచ్చ ఉన్నచోట గడ్డికి గడ్డి, గోడకు గోడ అతికించాడు. ఎక్కడా అతుకు కనిపించదు. చేతిలో అంత పనితనం ఉంది మరి. మంచి కాగితం మీద ఆల్బమ్ కట్టించాడు. ఆల్బమ్ అయ్యాక పాత ఫోటోలు ఉంచుకోవడం స్టూడియోలో అలవాటు లేదు. కార్డులో పాతవాటి మీదే కొత్తవి ఎక్కించేసి, బాగుపడి వచ్చిన కెమెరాలో పెట్టాడు.

ఆదివారం పొద్దున రెండూ తెచ్చి భోజనాల బల్ల మీద పెట్టాడు. మీట నొక్కగానే కెమెరా లెన్సు బయటికొచ్చింది. మామగారి ముఖం వెలిగింది. తర్వాత ఆల్బమ్ తెరిచారు. మొదటి పేజీ, రెండో పేజీ, మూడోది. ఆ తర్వాత ఆయన చెయ్యి కదల్లేదు.

"వేలు ఏది బాబూ?"

"తీసేశాను మావయ్యా. ఒక్కదాంట్లో కూడా లేదు, కావాలంటే వెతుక్కోండి," అన్నాడు అల్లుడు నవ్వుతూ. "ఇక మీరు తీసిన ఫోటోలకు ఎవరూ వంక పెట్టలేరు."

"నేను తీసినవా?" అన్నారాయన. "పాతవి ఉన్నాయా?" అని అడిగారు.

"ఎందుకండీ అవి? కార్డులో కూడా ఇవే వేసేశాను."

మామగారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. మళ్లీ పెట్టుకోలేదు. ఏం తప్పు జరిగిందో అల్లుడికి అంతుపట్టలేదు.

భార్య వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఆల్బమ్ చూసి సంబరంగా తన ముందుకు లాక్కుంది. అలవాటుగా బొటనవేలు తీసుకెళ్లి ఫోటో మూలన ఆనించబోయి ఆగింది. పేజీ తిప్పింది. ఇంకో పేజీ తిప్పింది. తలెత్తి తండ్రి వైపు చూసింది.

"నాన్నా, ఇక్కడ అమ్మ వేలు ఉండేది కదా, ఏదీ?"